ఎడమకి లాగిన బండి: ఆరు రోజుల టెస్ట్ ట్రాక్ అద్దె మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రాక్ పేరు రాయను. గేటు దగ్గరే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫోన్‌కి ముందూ వెనకా కెమెరాల మీద స్టిక్కర్లు అంటించారు. బయటికొచ్చేటప్పుడు అవి చిరిగి ఉంటే ఏం చేస్తారో పెద్ద అక్షరాల బోర్డు పక్కనే ఉంది. మా పక్క షెడ్డులో ఎవరిదో ఇంకా మార్కెట్లోకి రాని కారు, ఒళ్లంతా నలుపూ తెలుపూ సుడుల స్టిక్కర్లు చుట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఒక్క ఫొటో తీసినా మా పని అంతటితో సరి. పేరు లేని రివ్యూ ఎవరికి పనికొస్తుందంటారా? టెస్ట్ ట్రాక్ మొదటిసారి అద్దెకు తీసుకోబోయేవాళ్లకి పనికొస్తుంది. నేను పడ్డ తిప్పలు ఫలానా చోటే అని లేదు, ఎక్కడైనా ఎదురయ్యేవే.

మేం నలుగురం వెళ్లాం. నేను బ్రేకుల ఇంజనీర్ని, నాతో ఒక డ్రైవర్, డేటా చూసే కుర్రాడు, ఒక మెకానిక్. బండి చిన్న గూడ్స్ వాహనం, దానికి కొత్త ఏబీఎస్ యూనిట్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) బిగించాం. ఆరు రోజుల బుకింగ్‌లో ఎక్కువ భాగం తడి బసాల్ట్ పలకల మీద బ్రేకు పరీక్షలకే. మిగిలిన టైములో స్ప్లిట్ మ్యూ (రెండు పక్కల చక్రాల కింద వేర్వేరు పట్టు ఉండే లేన్), చప్పుడు కొలత, రాళ్ల బాట, కాస్త హైస్పీడ్ రింగ్, అంటే ఆగకుండా వేగంగా తిరిగే చుట్టు రోడ్డు.

వెళ్లగానే మార్కెటింగ్ ఆయన మమ్మల్ని ఎక్కించుకుని తిన్నగా రింగ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇలా బండ్లని పరీక్షించే ఏ ప్రూవింగ్ గ్రౌండ్‌కి వెళ్లినా ఇదే వరస. పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాట పాడించినట్టు ముందు రింగ్ చూపిస్తారు. రిసెప్షన్ గోడ మీద కూడా ఆకాశం నుంచి తీసిన దాని ఫొటోయే. ఆయన్ని తప్పుపట్టను, ప్రపంచంలో పేరున్న ట్రాకులు చాలావరకు రింగుతోనో పొడవుతోనో పేరు తెచ్చుకున్నవే. ఇటలీలో నార్డో రింగ్ 1975లో ఫియట్ కట్టింది. 12.6 కిలోమీటర్ల నికార్సైన వృత్తం, 2012 నుంచి పోర్షే చేతిలో ఉంది. మధ్యప్రదేశ్‌లో పీథంపూర్ దగ్గర నాట్రాక్స్ 11.3 కిలోమీటర్ల ట్రాక్ 2021 జూన్‌లో ప్రారంభమైంది. జర్మనీలో ఫోక్స్‌వాగన్‌వాళ్ల ఎరా లేసియన్‌లో 8 కిలోమీటర్లకు పైగా తిన్నటి రోడ్డు ఉంది. 2019లో బుగాటీ షిరాన్ గంటకు 490 కిలోమీటర్లు దాటింది దాని మీదే. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది మాత్రం ట్యూరిన్‌లోని లింగొట్టో ఫ్యాక్టరీ. 1920లలో ఫియట్ వాళ్లు టెస్ట్ ట్రాక్‌ని ఫ్యాక్టరీ డాబా మీదే కట్టేశారు. కారు కింద మొదలై, ఒక్కో అంతస్తులో తయారవుతూ, పూర్తయ్యేసరికి డాబా ఎక్కి చక్కర్లు కొట్టేది. స్థలం లేదని ఏడ్చే మేనేజర్లందరికీ ఆ డాబా ఫొటో పంపాలనిపిస్తుంది.

ఇక్కడి రింగ్ విషయానికొస్తే, వంక పెట్టడానికి లేదు. ఏ లేన్‌లో ఎంత వేగమో బోర్డుల మీద స్పష్టంగా ఉంది, అతుకులు తెలియవు, రెయిలింగ్ గట్టిది, ఊడ్చే బండి పొద్దున్నే ఒక చుట్టు తిరుగుతుంది. పై లేన్‌కి న్యూట్రల్ స్పీడ్ అని ఒక అంకె రాసి ఉంటుంది, దాని సంగతి చెప్పాలి. వంపులో బండి బయటికి తోసుకుపోతుంది కదా, ఆ తోపుని రోడ్డు వాలుతోనే సరిపెడతారు. ఏ వేగం దగ్గర ఆ రెండూ చెల్లుకు చెల్లు అయిపోతాయో అదే న్యూట్రల్ స్పీడ్. నార్డో పై లేన్‌లో అది గంటకు 240 కిలోమీటర్లు. వృత్తం అడ్డకొలత 4 కిలోమీటర్లు కాబట్టి, లెక్క కడితే అక్కడ వాలు దాదాపు 13 డిగ్రీలు ఉండాలి. ఆ వేగంలో స్టీరింగ్‌ని తిప్పే పనే ఉండదు, తిన్నటి రోడ్డు మీద పోతున్నట్టే ఉంటుంది. మా గూడ్స్ బండి ఆ అంకె దరిదాపులకైనా రాదు. అందుకే కింది లేన్‌లో, అందరికీ దారిస్తూ, స్పీడ్ సెన్సర్లు సరిచూసుకుని బయటపడ్డాం. మూడు గంటల పని. రింగ్‌కి అయిదుకి అయిదు. కానీ మేం వెళ్లింది రింగ్ కోసం కాదు.

డ్రైవింగ్ అనుమతి గురించి ఒక మాట. ఇక్కడ మీ మామూలు లైసెన్సు చెల్లదు. గంటన్నర క్లాసు, ఒక రాత పరీక్ష, తర్వాత వాళ్ల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. నేను కూడా అనుమతి తీసుకుంటానంటే కౌంటర్లో కుర్రాడు నా వెనక్కి చూసి, "డ్రైవర్ లోపలున్నారా మేడమ్?" అన్నాడు. "నీ ముందే ఉంది" అన్నాను. పాపం, నాలిక్కరుచుకుని ఆ తర్వాత ఆరు రోజులూ చాలా మర్యాదగా ఉన్నాడు. పరీక్ష మాత్రం గట్టిగానే పెట్టారు, అది నాకు నచ్చింది. తడి పలకల మీద బండి తిరిగిపోతే ఏం చేయాలో నోటితో చెప్పించుకుని ఊరుకోలేదు, చేసి చూపించమన్నారు.

కంట్రోల్ రూమ్ కూడా బాగుంది. ఏ ట్రాక్ మీదకి వెళ్లాలన్నా రేడియోలో అడగాలి, వాళ్లు మీ బండి నంబరు తిరిగి చదివి "ఎంటర్" అంటేనే గేటు లేస్తుంది. దిగినప్పుడు "క్లియర్" అని చెప్పకపోతే వెతుక్కుంటూ మార్షల్, అంటే ట్రాక్ భద్రత చూసే మనిషి, వచ్చేస్తాడు. మొదటి రోజు మావాడు చెప్పడం మరిచిపోయాడు, నాలుగు నిమిషాల్లో పసుపు లైటు బండి వచ్చి వెనక నిలబడింది. ఒకసారి కుందేలు అడ్డమొస్తే మొత్తం సెక్షన్ ఆపేసి, అది పొదల్లోకి పోయిందాకా ఎవర్నీ వదల్లేదు. విసుక్కునేవాళ్లు విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు.

ఎందుకంటే నా మొదటి ఆరేళ్లూ రైలు బోగీల బ్రేకుల దగ్గర గడిచాయి. రైలువాళ్లకి ఇలాంటి సొంత మైదానం దొరకడం అరుదు. మనం అందరం చూసిన ఆ వీడియో ఉంది కదా, 2022 ఆగస్టులో కోటా నాగ్దా మధ్య వందే భారత్ 180లో పోతుంటే బల్ల మీద నీళ్ల గ్లాసు తొణకకుండా ఉన్నది. అది పరీక్షల కోసం కట్టిన ట్రాక్ కాదు, రోజూ రైళ్లు తిరిగే లైను. అలాంటి లైను మీద పరీక్ష పెట్టాలంటే ట్రాఫిక్ వాళ్ల దగ్గర బ్లాక్ అడగాలి, అంటే ఆ కాసేపు లైను మీద వేరే రైళ్లు రాకుండా ఆపమనాలి. ఏ అర్ధరాత్రో రెండు గంటలు దొరుకుతుంది. అందులో ముప్పావు గంట ముందు రైలు లేటుకే పోతుంది. మిగిలిన టైములో ఎమర్జెన్సీ బ్రేకు నాలుగుసార్లు వేస్తే గొప్ప. సెన్సర్ వైరు ఒకటి ఊడిందంటే అంతే సంగతులు, మళ్లీ వచ్చే వారమే. ఫ్రాన్స్‌వాళ్లు 2007లో గంటకు 574.8 కిలోమీటర్ల వేగంతో రైలు రికార్డు కొట్టింది కూడా ప్రయాణికులకి ఇంకా తెరవని కొత్త లైను మీదే.

అదే చెక్ దేశంలో వెలిమ్ దగ్గర 1963 నుంచి రైళ్లకి సొంత చుట్టు ఉంది. పెద్దది 13 కిలోమీటర్ల పైచిలుకు, లోపల చిన్నది 4 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అక్కడ రైలు ఎవరికీ అడ్డం కాదు, గంటల తరబడి తిప్పుకోవచ్చు. అమెరికాలో పుయెబ్లో దగ్గర ఇంకో రకం పిచ్చి. అక్కడ 1976లో మొదలుపెట్టి, ఒక చుట్టు మీద బరువైన గూడ్స్ రైలుని ఏళ్ల తరబడి తిప్పారు. పరీక్ష ముఖ్యంగా రైలుకి కాదు, కింద ఉన్న పట్టాలకి. ఎన్ని లక్షల టన్నులు పోతే పట్టా ఎక్కడ పగులుతుందో చూడడానికి. చుట్టు ట్రాకుల్లో ఒక చిక్కుంది, ఒకే వైపు తిరిగితే చక్రాల అంచులు ఒక పక్కే అరుగుతాయి. అందుకని దిశ మార్చాలి, లేదా రైలునే తిప్పి పెట్టాలి. ఈ దిశ మార్చే సంగతి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అదే నన్ను కాపాడింది.

ఇప్పుడు అసలు కథ.

తడి బసాల్ట్ లేన్ అంటే, నున్నగా అరిగిన నల్లరాతి పలకలు పరిచిన దారి. రెండు అంచులకీ పైపులు, వాటికి మీటరుకి పైగా ఎడం చొప్పున నీళ్లు చిమ్మే నాజిల్స్. ఎడమ వరస ఎడమ సగాన్ని తడుపుతుంది, కుడి వరస కుడి సగాన్ని. నీళ్లు పల్చగా, ఒకే మందంలో పారుతూ ఉండాలి. అప్పుడు ఆ రాయి దాదాపు మంచు మీద ఉన్నంత జారుడుగా ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గేటు దాటగానే పూర్తి బ్రేకు వేయాలి. బండి ఆగేదాకా ఎంత దూరం పోయిందో జీపీఎస్ లాగర్ రాసుకుంటుంది. మళ్లీ తిరిగొచ్చి మళ్లీ. మధ్యలో బ్రేకులు చల్లారాలి, ఎక్కువ వేడెక్కిన ఇరుసు మీది బ్రేకుల సగటు వేడి 65 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటేనే తర్వాతి రన్. చూసేవాళ్లకి ఇంతకన్నా విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదు.

మొదటి రోజు అంకెలు 25.3, 25.1, 25.4 మీటర్లు. చల్లగా, బుద్ధిగా ఉన్నాయి. సాయంత్రం సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న మార్పు చేశాం. రెండో రోజు పొద్దున 22.8, 22.5, 22.9. డేటా కుర్రాడు ఎగిరి గంతేశాడు. రెండున్నర మీటర్లు తగ్గింది! ఆఫీసుకి మెసేజ్ కొట్టేశాడు, అక్కణ్నుంచి చప్పట్ల బొమ్మలు కూడా వచ్చేశాయి.

డ్రైవర్ మాత్రం దిగి, టైరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఎడమకి లాగుతోందక్కా. కొంచెమే. కానీ ప్రతిసారీ అక్కడికొచ్చేసరికే లాగుతోంది."

నిన్న లాగలేదు. లాగర్‌లో చూస్తే నిజమే, బ్రేకు వేసిన తొమ్మిది మీటర్ల తర్వాత బండి ముక్కు ఎడమకి తిరుగుతోంది, అతను స్టీరింగ్ కుడికి కాస్త దిద్దుతున్నాడు. నా మొదటి అనుమానం మా బండి మీదే. మెకానిక్ ఎడమ కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) విప్పాడు, ప్యాడ్లు చూశాం, నాలుగు చక్రాల ప్రెషర్లు చూశాం, టైర్లు ఆ పక్కవి ఈ పక్కకి మార్చాం. మధ్యాహ్నమైంది. మళ్లీ 22.7, మళ్లీ ఎడమకే. సాఫ్ట్‌వేర్ పాతది పెట్టి చూశాం. 22.6. అంటే మా మార్పు గొప్పతనం ఏమీ లేదన్నమాట. కుర్రాడి మొహం చూడాలి అప్పుడు.

ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక సంగతి తెలుసు. అంకెలు చెల్లాచెదురుగా వస్తే ఎవరైనా అనుమానిస్తారు. ఒకదానికొకటి అతికినట్టు, పైగా మనకి అనుకూలంగా వస్తే ఎవరూ అనుమానించరు. ఆ మధ్యాహ్నం నాకూ ఒక క్షణం అనిపించింది, రాసుకుని పోదామా అని. అబద్ధం ఎందుకు చెప్పడం.

లేన్ అవతలి చివర నుంచి ఇటు నడపనిమ్మని కంట్రోల్ రూమ్‌ని అడిగాను. బండిలో లోపముంటే ఎటు నుంచి వచ్చినా ఎడమకే లాగాలి. నేలలో లోపముంటే ఈసారి కుడికి లాగుతుంది. అంతకన్నా చవకైన పరీక్ష లేదు. కంట్రోల్ రూమ్ కుదరదంది. ఆ లేన్ ఒకే దిశకి అనుమతి ఉన్నదట. షిఫ్ట్ ఇన్‌చార్జ్ వచ్చాడు, నేల పట్టు కొలిచిన సర్టిఫికెట్ చేతికిచ్చి, "మా సర్ఫేస్‌లో సమస్య ఉండదు మేడమ్" అన్నాడు. తేదీ చూస్తే దానికి పధ్నాలుగు నెలల వయసు. "ఇందులో నీళ్ల గురించి ఏముంది సార్?" అని అడిగాను. ఏమీ లేదు. గంటంపావు పట్టింది ఒప్పించడానికి. చివరికి రెండు వైపులా మార్షల్ బండ్లు పెట్టి, మూడే మూడు రన్‌లకి, వేగం 30కి మించకుండా ఒప్పుకున్నారు. రైలు రోజుల్లో బోగీని తిప్పి పెట్టించడానికి ఇంతకన్నా ఎక్కువ బతిమాలాను కాబట్టి నాకు కొత్తేమీ కాదు.

మూడుసార్లూ కుడికి లాగింది.

బూట్లు విప్పి లేన్ మీదకి నడిచాను. బూట్లు లేకుండా నడవకూడదని రూలుంది, అది ఇన్‌చార్జే గుర్తుచేశాడు. మళ్లీ వేసుకున్నాను. పంపులు ఆన్‌లోనే ఉన్నాయి. నడుం వంచి, వెలుతురికి ఎదురుగా చూస్తే కనిపించింది. లేన్ అంతా అద్దంలా మెరుస్తోంది, ఒక చోట ఎడమ సగం మాత్రం మెరవడం లేదు. ఆరు మీటర్ల పొడవు ఉంటుందేమో. తడిగానే ఉంది, కానీ పారడం లేదు. వేలితో రాస్తే రాయి గరుగ్గా తగిలింది. అంచున చూస్తే అయిదు నాజిల్స్ వరసగా, ఊపిరాడనట్టు, చుక్కలు కారుస్తున్నాయి. ఆ ఆరు మీటర్లలో ఎడమ చక్రాలకి పట్టు దొరుకుతోంది, కుడి చక్రాలకి లేదు. అందుకే ఎడమకి లాగుడు, అందుకే తగ్గిన దూరం. మేం మెచ్చుకున్న రెండున్నర మీటర్లూ ఆ అయిదు నాజిల్స్ పుణ్యం.

పంప్‌హౌస్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తలకి తుండు, చేతిలో సన్నటి స్టీలు వైరు. ఎవరూ చెప్పకుండానే వంగి, ఒక నాజిల్ విప్పి, నా అరచేతిలో పెట్టాడు. లోపల తెల్లగా ఉప్పు పేరుకుని, దాని మీద నాచు. ఈ లేన్ మీద పారిన నీళ్లే తొట్టిలోకి పోయి, వడపోతలోంచి మళ్లీ వస్తాయి, ఆ వడపోత పాతదైపోయిందని చెప్పాడు.

"రాత్రి పంపులు ఆపేస్తారు మేడమ్. ఆరిపోయి గడ్డకడుతుంది. నిన్న సగం మూసుకుని ఉంటాయి, ఇవాళ పూర్తిగా."

"మరి చెప్పలేదా బాబాయ్ వాళ్లకి?"

"పుస్తకంలో రాశాను. మూడుసార్లు." ఇన్‌చార్జ్ వైపు చూడకుండా అన్నాడు. "పుస్తకం పంప్‌హౌస్‌లోనే ఉంటుంది కదా."

వైరు పెట్టి ఒక్కొక్కటీ పొడిచాడు. అయిదో దాంట్లోంచి నీళ్లు ఎగజిమ్మి మా మెకానిక్ మొహాన కొట్టాయి. ఇరవై నిమిషాల పని. తర్వాత రన్ 25.2. బండి గీత గీసినట్టు ఆగింది.

ఆ రోజు చేసిన పదకొండు రన్‌లూ కొట్టేశాను. ఆఫీసుకి నేనే ఫోన్ చేసి చెప్పాను, చప్పట్లు వెనక్కి తీసుకోండని. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు. అంత రింగ్ కట్టినవాళ్లకి నాజిల్స్ కడిగే జాబితా ఒకటి గోడకి తగిలించడం ఎంత పని? నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది నాజిల్స్ మూసుకుపోవడం కాదు, అవి ఎక్కడైనా మూసుకుపోతాయి. తెలిసిన మనిషి మాట రాసిన పుస్తకం తలుపు దాటకపోవడం. మా కన్నా ముందు ఆ లేన్ మీద ఎవరు పరీక్షించుకున్నారో, వాళ్ల బండికీ రెండున్నర మీటర్లు కలిసొచ్చిందో ఏమో.

స్ప్లిట్ మ్యూ లేన్ దీని పక్కనే. ఒక పక్క చక్రాల కింద తడి బసాల్ట్, ఇంకో పక్క తడి తారు. మంచి పక్క పట్టు చెడ్డ పక్కకి కనీసం రెట్టింపు ఉండాలని నియమం. దాని మీద బ్రేకు వేస్తే బండి ఎటు లాగాలో అటే లాగుతుంది, ఏబీఎస్ దాన్ని ఎంత పట్టి ఉంచుతుందన్నదే పరీక్ష. మొదటి 2 సెకన్లలో డ్రైవర్ స్టీరింగ్‌ని 120 డిగ్రీలకి మించి దిద్దకూడదు, మొత్తం మీద 240 దాటకూడదు. మాది ఎనభై దగ్గర ఆగింది. ఈసారి ప్రతి పూటా రన్ మొదలుపెట్టే ముందు నేనూ పెద్దాయనా కలిసి రెండు అంచులూ నడిచి చూసుకున్నాం. అంకెలు బాగా వచ్చాయి, ఇంకేం చెప్పను.

చప్పుడు కొలిచే చోటు గురించి మంచిమాటే. ఐఎస్ఓ 10844 ప్రకారం పరిచిన తారు, నునుపుగా, దాని వయసు కూడా రాసి పెట్టారు. దారికి అడ్డంగా 20 మీటర్ల ఎడంతో గీసిన రెండు గీతల మధ్య బండి దూసుకుపోతుంది. దారి నడిమి గీతకి రెండు పక్కలా 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకులు. చిక్కంతా గాలితో. మైకు ఎత్తులో సెకనుకు 5 మీటర్లు దాటితే కొలవకూడదు. మాకిచ్చింది మధ్యాహ్నం పూట, గాలి తగ్గేదే లేదు. స్లాట్ మార్చమంటే మొహం మాడ్చకుండా మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకి ఇచ్చారు, అదనంగా ఏమీ అడగలేదు. ఆ టైముకి గాలి లేదు కానీ పిట్టలున్నాయి. మైకు పక్క చెట్టు మీద ఒకటి కూర్చుని, మా బండి గీత దగ్గరికొచ్చినప్పుడల్లా కూత అందుకునేది. ఇక్కడి టెక్నీషియన్ నవ్వకుండా, "దానికి అలవాటు మేడమ్, వెళ్లిపోతుంది" అని ఓపిగ్గా మళ్లీ మళ్లీ తీశాడు. ఆ అబ్బాయికి నా తరఫున మంచి మార్కులు.

రాళ్ల బాట, అదే బెల్జియన్ పావే అంటారు, దాని మీద నేను ఒక్క చుట్టే తిరిగాను. పళ్లు గట్టిగా బిగించి పట్టుకోకపోతే నాలుక తెగుతుంది. ఎగుడుదిగుడు రాళ్లని కావాలనే, ఏ రాయి ఎంత ఎత్తో కొలిచి మరీ పేర్చారు. మామూలు రోడ్డు మీద ఏళ్ల తరబడి తినే దెబ్బలు కొన్ని వారాల్లో తినిపించడానికి. ఒక మనిషిని దాని మీద వరసగా అరగంటకి మించి ఉంచరు ఇక్కడ, లాగర్‌లో టైమ్ అయిపోతే కంట్రోల్ రూమే పిలిచి దింపేస్తుంది. నడుంనొప్పి ఉన్న మా డ్రైవర్ ఈ రూలుకి దండం పెట్టాడు. కొన్ని చోట్ల ఈ పని ఇప్పుడు స్టీరింగ్ రోబోలకి అప్పగిస్తున్నారు. ఇక్కడ కూడా ఒకటి ఉందట, మేం ఉన్నన్నాళ్లూ గుడ్డ కప్పే ఉంది.

అద్దె షరతుల సంగతి సంతకానికి ముందు చదవండి. వాన పడి ట్రాక్ మూసేస్తే ఆ పూట మీ ఖాతాలోనే. తడి లేన్ మీద వానకేమిటి అనుకోకండి, వాన పడితే నీళ్ల మందం మారిపోతుంది, అదీ మూసేస్తారు. మాకు అయిదో రోజు ఒక పూట అలా పోయింది. సరే, వాన వాళ్ల చేతిలో లేదు. కానీ నాజిల్స్ వల్ల పోయిన రోజుని కూడా మొదట బిల్లులో వేశారు. లాగర్ గ్రాఫులు, అవతలి చివర నుంచి నడిపిన మూడు రన్‌లు, నా అరచేతిలో నాజిల్ (ఫొటో తీసింది వాళ్ల సేఫ్టీ ఆఫీసరే, వాళ్ల కెమెరాతో) అన్నీ జతచేసి రాస్తే పదిరోజుల తర్వాత ఆ రోజు తీసేశారు. క్షమాపణ లాంటి మాట ఒకటి కూడా రాశారు. "అసౌకర్యానికి" అని మొదలయ్యే రకం.

మొత్తం మీద అయిదుకి మూడున్నర ఇస్తాను. రింగ్, కంట్రోల్ రూమ్, చప్పుడు ట్రాక్ ఉన్నాయి కాబట్టి అంత. బుక్ చేసేముందు వాళ్లని రింగ్ పొడవు అడగకండి, అది వెబ్‌సైట్లో ఉంటుంది. నేల పట్టు చివరిసారి ఎప్పుడు కొలిచారో అడగండి. నీళ్ల మందం ఎవరు చూస్తారో, రోజుకి ఎన్నిసార్లు చూస్తారో అడగండి. లేన్‌ని రెండు వైపుల నుంచీ నడపనిస్తారా అని ముందే రాయించుకోండి.

మేం మళ్లీ నాలుగు రోజులకి బుక్ చేశాం. దగ్గర్లో ఇలాంటి బసాల్ట్ లేన్ ఇంకోటి లేదు, అది కూడా నిజమే. ఫారంలో 'ప్రత్యేక అవసరాలు' అన్న గడిలో "మొదటి రోజు పొద్దున్నే రెండు వరసల నాజిల్సూ విప్పి కడగాలి, మా ముందు" అని రాశాను. మర్నాడే సరేనని జవాబొచ్చింది. కింద కస్టమర్ రిలేషన్స్ అని ఉంది. పంప్‌హౌస్ పుస్తకంలో కూడా ఎవరైనా రాశారో లేదో, వెళ్లాక పెద్దాయన్నే అడగాలి.